సంచిలో పట్టే తుపాకి

పాకాల జంక్షన్లో రైలు దిగినోడు ముందర కొళాయి కాడ మొగం కడుక్కుంటాడు, ఆ తరవాత స్టేషను బయట గురవమ్మ బంకుకొచ్చి టీ తాగతాడు, టీ సగం తాగేలోపల సుందరరాజు చేతికి చిక్కతాడు. అట్ల చిక్కి బండ్లు తప్పిపోయినోళ్ళు ఉండారు, పెండ్లికి పోయి విస్తర్లు ఎత్తేసినాక చేరినోళ్ళు ఉండారు. అయినా ఎవురూ కోపం చేసుకోలే. ఆ మనిషి నోరు అట్లాంటిది.

ముకుందం మాత్రం తనంతట తానే ఎతుక్కోని వచ్చి చిక్కినాడు.

తిరుపతి పిల్లోడు. సన్నగా, గాలికి కదిలేటట్టు ఉంటాడు. నుదుట సన్నంగా తిరుచూర్ణం గీత, వీపుకు స్నేహితుని కాడ అడుక్కోని తెచ్చిన ఎన్.సి.సి. ఖాకీ సంచి. బీయస్సీ పాసై రెండేండ్లు ఇంట్లో కూసోని, కూసోని, ఇప్పుడొక ఉద్యోగం దొరికింది. తలకోన పక్క కొండల్లో సర్వే క్యాంపు, ఆరు నెలలు టెంపరరీ. ఈ మాపటికి పీలేరు స్టేషన్లో క్యాంపు జీపు ఎక్కితే ఉద్యోగం వానిది. ఎక్కకపోతే వాని ఎనకాల నిలబడుకోనుండే ఇంకొకనిది.

అంతా బాగానే ఉండె గానీ, ఆఫీసులో గుమాస్తా ఆర్డరు చేతికిస్తా ఒక్క మాట అన్నాడు. "రాత్రిళ్ళు గుడారానికి ఒక్కరే పండుకోవాలబ్బాయ్. గుండె గట్టిదేనా?" అని. ఆ మాట ఇన్న కాడి నుంచి ముకుందానికి అన్నం దిగలే. కొడుకు దిగులు చూసి వాళ్ళమ్మ పెరుందేవమ్మకూ దిగల్లే. ఇంట్లోకి ఉల్లిగడ్డ కూడా రానియ్యని మనుషులు, వారం దినాలు తుపాకుల గురించి మాట్లాడుకున్నారు. మేనమామ శఠగోపం దేవస్థానం ఆఫీసులో పని చేస్తాడు, ఆయనే తేల్చేసినాడు: "లైసెన్సు సంగతి నేను చూస్తాను. ఏ తుపాకి అయితే సంచిలో పడుతుందో ముందు అది కనుక్కో. పాకాల స్టేషన్ బయట సుందరరాజు అని ఉంటాడు, తుపాకుల గురించి ఆయనకు తెలియనిది లేదు. ఆయన ఉంది అంటే ధైర్యంగా పో, లేదు అంటే తిరిగొచ్చేయ్."

అదీ సంగతి. చేతిలో టికెట్టు పీలేరుకే ఉండాది. ధర్మవరం బండి వస్తే ఎక్కాల. దానికి కొంచెం ముందర కాట్పాడి నుంచి తిరుపతి పోయే ప్యాసింజరు కూడా వస్తాది. ముకుందం బెంచీ మీద సంచిని ఒళ్ళో పెట్టుకోని కూసోనుండాడు. టికెట్టు ఒక పక్కకు, మనసు ఇంకో పక్కకు.

"రాజన్నా," అన్నాడు మెల్లగా, "వీపుసంచిలో పట్టే తేలిక తుపాకి ఏదైనా ఉంటుందా?"

గురవమ్మ టీ వడగట్టేది ఆపేసింది. పక్క బెంచీ మీద టోపీ ఒళ్ళో పెట్టుకోని బన్ను ముంచుకోని తింటావుండే రైల్వే పోలీసు తల ఎత్తి చూసి, మళ్ళా బన్ను ముంచుకున్నాడు. కింద గొంతుక్కూసోని బీడీ తాగతా ఉండే శాంతయ్య మాత్రం కదల్లే. శాంతయ్య సుందరరాజుకు బామ్మర్ది. ఇద్దరిదీ ఒకే ఊరు, శెనక్కాయ సేండ్లు పక్కపక్కనే. రాత్రిపూట పందులను తోలడానికి ఇద్దరికీ మందు కూరే తుపాకులుండాయి, లైసెన్సులుండాయి. తేడా అంతా నోట్లోనే. శాంతయ్య నాలుగు దినాలకు మాట్లాడేది సుందరరాజు ఒక టీకి మాట్లాడేస్తాడు.

సుందరరాజు తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. మీసం ఒకసారి ఇట్ల, ఒకసారి అట్ల.

"ఎవురి మీదికి సామీ?"

"ఎవరి మీదికీ కాదు. ఆత్మరక్షణకు. కొండలో ఒక్కడినే ఉండాలి. యూనివర్సిటీ లైబ్రరీలో ఒక అమెరికా పత్రికలో బొమ్మ చూసినాను. గొట్టం విప్పి పిడిలోనే పెట్టేయొచ్చంట. నీళ్ళలో వేసినా తేలుతుందంట. అట్లాంటిది మన పక్క..."

"ఓసి దాని! అది నా కాడ ఉండిన తుపాకే గదా!"

"మొదులు పెట్టినాడు," అని గురవమ్మ ఇంకొక గ్లాసు కడిగింది. "సామీ, నీ బండి యెప్పుడు?"

"ఇంకా టైముంది," అన్నాడు ముకుందం. వాని కండ్లు అప్పటికే పెద్దవైనాయి.

"సూడు సామీ, తుపాకిని కాల్సేది గడియ సేపు, మోసేది పొద్దస్తమానం. ఈ సంగతి తెలీనోడే పెద్ద తుపాకి కొంటాడు. హార్సిలీ కొండ మీద బంగళాలో ఒక మిలట్రీ మేజరుండె, నేను ఆయనకు తేనె పోసేటోణ్ణి, ఆయప్ప కొండ ఇడిసి పోతా పోతా 'సుందరరాజూ, నీ తేనె తిని నా మోకాళ్ళ నొప్పులు పోయినాయి, మూడు తుపాకులుండాయి, నచ్చింది ఎత్తుకో' అని నులక మంచం మీద పరిసినాడు. మొదటిది రెండు గొట్టాల తుపాకి. ఎత్తి సూసినా. ఇద్దురు మోస్తే ఒకడు కాల్సాల, ఆ కాల్సినోణ్ణి మళ్ళా ఇద్దురు మోసకచ్చాల. వద్దంటి. రెండోది మా ఇండ్లల్లో ఉండేటట్టు మందు కూరేది. మందు పోసి, గుడ్డ కూరి, గుండు కూరి, మళ్ళా గుడ్డ కూరి తల ఎత్తేలోపల పంది సేనంతా తినేసి మూతి తుడుసుకుంటా ఉంటాది. వద్దంటి. మూడోది ఇదిగో, నా మూరెడు లేదు. ఇరవైరెండు నంబరు రైఫిలు. పిడి లోపలంతా డొల్ల. గొట్టం ఊడదీసి దాంట్లో దూర్సి మూత పెడితే చిలక్కొయ్యకు తగిలించుకోవచ్చు. ఇది నాది అంటి."

"ఊరకే ఇచ్చినాడా?" అని అడిగింది గురవమ్మ.

"ఊరకే యాడిదక్కా, కలెక్టరాఫీసులో నా పేరు మీదికి మార్పించి, ముద్ర కొట్టించి ఇచ్చినాడు. లైసెన్సు లేని ఇనుము సుందరరాజు తాకడు. కావాలంటే ఆ పోలీసాయప్పను అడుగు."

పోలీసాయన బన్ను మీదనే మనసు పెట్టుకోనుండాడు.

"బరువెంతుంటుంది?" ముకుందం సంచిని ఒకసారి చేత్తో ఎత్తి చూసుకున్నాడు. దాంట్లో రెండు జతల బట్టలు, దుప్పటి, వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం ఉండాయి. ఇంకెంత పడుతుందా అని లెక్క.

"అదే సెప్పొచ్చినా. బెల్లం మండీకి తీసకపొయ్యి తక్కెట్లో పెడితే తట్ట కదల్లే. పక్క తట్టలో ఒక బెల్లం పలుకు పెట్టినాడు శెట్టి, తుపాకి పైకి లేసింది. కడాకు బంగారం తూసే కంసాలి కాడికి తీసకపోవాల్సొచ్చె. ఆయప్ప 'కొంచెం ఊపిరి బిగబట్టండి, ఎగిరిపోతాది' అంటాడు. అబద్ధమైతే నా మీసం గొరిగించుకుంటా."

"ఆ మీసం ఇప్పటికి యెన్నిసార్లు గొరగాల్సిందో," అన్నాడు శాంతయ్య. బీడీ ఆరిపోతే మళ్ళా ముట్టించుకున్నాడు.

"నువ్వుండు బామ్మర్దీ. సామీ, తుపాకి తేలికైతే సుఖం మోసేటప్పుడే. కాల్సేటప్పుడు సూడాల. బరువు తుపాకి తన్నును తనే మింగేస్తాది. తేలిక తుపాకికి మింగడానికి కడుపు యాడుండాది? తన్నంతా మనకే. ఆ సంగతి నాకు మేజరు సెప్పలే. కొండే నేర్పించింది."

ఈ మాట మాత్రం ముకుందానికి నిజమే అనిపించింది. కాలేజీలో ఎన్.సి.సి. క్యాంపులో ఒకేసారి రైఫిలు పట్టుకున్నాడు. భుజం వారం నొచ్చింది. వాడు కాల్చిన గుండ్లన్నీ పక్క పిల్లోని గురిబోర్డుకు తగిలి, ఆ పక్క పిల్లోనికి బహుమానమొచ్చింది.

"మొన్న పెద్ద ఓట్లొచ్చిన ధనుర్మాసం. సలి. మా ఎద్దు, బూడిద రంగు మైలది, తాడు తెంపుకోని కొండెక్కింది. ఎద్దు పోతే సేద్యం పోయినట్టే గదా. నేను సంచిలో తుపాకి యేసుకోని, ఒళ్ళో పిడికెడు శెనక్కాయలు పోసుకోని బయలుదేర్తి. దావలో ఓట్ల జీపు. మైకులో అరస్తా పొయ్యేటోడు నన్ను సూసి బ్రేకేసి, 'సుందరరాజన్నా, నువ్వు నడిసేదా! ఎక్కన్నా!' అని కొండ మొదులు దాకా దింపి, 'సుందరరాజన్న కొండెక్కతా ఉండాడహో' అని మైకులో కూడా సెప్పినాడు."

"ఏ పార్టీ జీపన్నా?" గురవమ్మ.

"అన్ని పార్టీలోళ్ళూ నిలబడినారక్కా, ఒక దాంట్లో ఎక్కితే ఇంకోడు అలగతాడని కొంచెం కొంచెం దూరం అన్నిట్లోనూ పోతి."

శాంతయ్య బీడీ నోట్లో నుంచి తీసి చూసినాడు. మళ్ళా నోట్లో పెట్టుకున్నాడు.

"పొద్దు మునిగింది. వాన సినుకులు. అగ్గిపెట్టె తడిసిపోయింది. సలికి పండ్లు టకటకమంటా ఉండాయి, ఆ సద్దుకు నక్కలు బెదిరి ఉరకతా ఉండాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండుగడ్డి ముందర పెట్టి, పక్కన సెకుముకి రాయి మీద ఒక్కటంటే ఒక్కటి కాలిస్తి. నిప్పు రవ్వ లేసింది, గడ్డి అంటుకుంది. అంతే. ఇది ఎవురైనా సేస్తారు, నేను గొప్పకు సెప్పుకోను. కానీ ఆ తన్నుకు నేను కూసున్నోణ్ణి కూసున్నట్టే జానెడు ఎనక్కు జరిగినా. ఓహో, అనుకుంటి."

"తర్వాత?" అన్నాడు ముకుందం. టీ మీద మీగడ కట్టింది, చూసుకోలే.

"నడిజామున ఎలుగొడ్డొచ్చింది. మనిషంత నిలబడి రెండు చేతులూ సాపింది, సుట్టాన్ని పిలిసినట్టు. పాపం, పిల్లలున్న తల్లేమో, సంపడానికి మనసు రాలే. దాని కాళ్ళ ముందర నేలకేసి కాలిస్తి. అంతే సామీ, తుపాకి తన్నింది, నేను లేసినా. లేసి, లేసి, పొయ్యి నేరేడు సెట్టు కొమ్మన కూసున్నా. ఎలుగొడ్డు కింద నుంచి నన్ను సూసింది, నేను పై నుంచి దాన్ని సూస్తి. పాపం దానికి అర్థం కాలే. నాకు మాత్రం అర్థమైపోయింది. ఇది తుపాకి గాదు, బండి!"

"బండా?"

"బండే. పొయ్యేదానికి ఎదురు కాలిస్తే అదే తోసకపోతాది. పెట్రోలు వద్దు, రోడ్డు వద్దు, కండక్టరు వద్దు. తెల్లారి ఎద్దు కనిపించింది. కానీ యాడ? లోయకు అవతల పక్క. లోయ ఎంత లోతంటే, రాయి యేస్తే పడిన సద్దు నేను బీడీ తాగేసి ఇంకో బీడీ ముట్టించినాక వచ్చింది. లోయకు ఈపు తిప్పి నిలబడితి, కొండకేసి కాలిస్తి, ఎగిరి పొయ్యి అవతల ఎద్దు పక్కనే దిగితి. అది నన్ను సూసి తల దించుకుంది, తప్పు సేసినట్టు."

"ఎద్దును ఎట్ల తెచ్చినావన్నా ఇవతలికి?" ముకుందం గొంతులో నిజంగానే దిగులు. వానికి ఆ ఎద్దు మీద ఇష్టం పుట్టేసింది.

"మంచి మాట అడిగినావు! నా పంచె ఊడదీసి దాని నడుముకు కట్టి, ఆ కొస నా నడుముకు కట్టుకోని, ఇద్దురి బరువు గదా, ఈసారి రెండు గుండ్లు ఒకేసారి కాలిస్తి. లెక్క తప్పినా సామీ. ఒక్క గుండు ఎక్కువైంది. ఇవతల దిగాల్సినోళ్ళం పైకి లేసినాము. కొండ సిన్నదయిపొయ్యింది, సెట్లు గరికైపొయినాయి, మేఘం మొగానికి తగిలి సల్లగా ఉండె, ఎద్దు అంబా అనింది, ఆ సద్దు కిందికి పోలే, పక్కకే పోయింది. నేను కిందికి సూస్తే ఏడు కొండలు! బంగారు గోపురం ధగధగమంటా ఉండాది!"

ముకుందం దిగ్గున లేచి నిలబడినాడు. "అన్నా! ఆనందనిలయం మీద ఎగిరినావా? కాళ్ళు కిందికి పెట్టుకోనా? అపచారం!"

సుందరరాజు రెండు చెంపలూ టపటప వాయించుకున్నాడు. "ఛీ ఛీ, నేనెట్లా మనిషి అనుకున్నావు సామీ? కనిపించిన ఎంటనే తలకిందులైనా. సేతులు కిందికి జోడించుకోని, ఎద్దుతో గూడా తలకిందులుగానే మూడు సుట్లు ప్రదచ్చిణం సేసి, పక్కకొక గుండు కాల్సి తూరుపుకు తిరిగితి. ఆ పొద్దు నాకంటే ఎద్దుకే పుణ్యం ఎక్కువొచ్చింది. ఊర్లో ఇప్పుటికీ దాన్ని ముల్లుకర్రతో పొడవనియ్యను."

ముకుందం కొంచెం నెమ్మదించి కూసున్నాడు. ప్రదక్షిణం చేసినాడు గదా.

"సత్యవేడు మీద పోతా ఉంటే సేన్లలో ఆడోళ్ళు తల ఎత్తి, మగోళ్ళు తల ఎత్తి, ఒక ముసలాయప్ప 'ఏమప్పా, ఆ ఎద్దు అమ్మేదేనా?' అని అరిసినాడు. బేరానికి దిగితే గుండు వృథా అని దిగలే. అట్ల పొయ్యి పొయ్యి, పులికాట్ సరస్సులో తపామని పడితిమి. సుట్టూ ఎర్రకాళ్ళ కొంగలు, యేలకు యేలు. ఎగిరొచ్చి దిగినాను గదా, నన్ను కూడా వాళ్ళలో ఒకణ్ణి అనుకున్నాయి. ఒక ముసలి కొంగ జరిగి నాకు సోటిచ్చింది. జాలరోళ్ళు వలేసి లాగితే రొయ్యలతో పాటు నేను, ఎద్దు. తుపాకి మునగలే సామీ! నువ్వు సెప్పినట్టే తేలతా ఉండె! దాన్ని పట్టుకోనే గదా నేను బతికింది. ఆ సంగతి తెలిసి రాకెట్లు యేసేటోళ్ళు పడవేసుకోని వచ్చి, 'అయ్యా, ఆ గుట్టు మాకు సెప్పండి' అని సేతులు పట్టుకున్నారు. సెప్పినా. ఇప్పుడు వాళ్ళు ఎగరేస్తా ఉండేది మల్ల ఏమనుకున్నావు? కింద మంట, పైకి పోవడం. నాదే ఆ లెక్క. నా పేరు మాత్రం పేపర్లో యెయ్యొద్దంటి."

రైల్వే పోలీసు బన్ను గొంతులో పడి దగ్గినాడు. గురవమ్మ ఆయనకు నీళ్ళిచ్చింది.

దూరంగా కాట్పాడి పక్క నుంచి కూత ఇనిపించింది. తిరుపతి ప్యాసింజరు. ముకుందం అటు చూసినాడు. తుపాకి ఉంది అంటే పో, లేదు అంటే తిరిగొచ్చేయ్ అన్నాడు మామ. ఈయన ఉంది అంటాడు. ఎగురుతుంది కూడా అంటాడు. ఇదేమి సమాధానమని ఇంటికి పోయి చెప్పాల?

"రాజన్నా, ఆ తుపాకి ఇప్పుడు ఎక్కడుంది? ఒక్కసారి చూపిస్తావా?"

సుందరరాజు నోరు తెరిసినాడు. కానీ మాట శాంతయ్య దగ్గిర నుంచి వచ్చింది.

"బావా. ఒక మాట అడగతా, కోపం సేసుకోవద్దు. పెద్ద ఓట్లొచ్చిన ధనుర్మాసం అంటివే?"

"అవును. జీపుల్లో పోతినని సెప్తిని గదా."

"ఓట్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు టేసన్లో ఇచ్చేయాల గదా బావా. దండోరా యేసిన మర్నాడే నీ తుపాకి నా తుపాకి ఒకే గోనెసంచిలో కట్టి, సైకిలు ఎనకాల పెట్టుకోని పొయ్యి ఇచ్చింది నేనే గదా. నీది నీకంటే జానెడు పొడుగు, దావంతా నా ఈపును గీరుకుంటా వచ్చింది. ఓట్లు లెక్కపెట్టి, వాళ్ళు గెలిసి, ఊరేగి, అంతా అయినాక గదా మనకు తిరిగిచ్చినారు. ఆ నెలంతా ఈ సుట్టుపక్కల బయట తిరిగిన తుపాకి కానిస్టేబులు భుజం మీద ఉండేదొక్కటే."

పాలు పొంగతా ఉంటే గురవమ్మ చూసుకోలే.

"అది... ఆ పొడుగుది ఇచ్చినా. ఇది వేరే గదా," అన్నాడు సుందరరాజు.

"ఓహో. మేజరిచ్చిన తుపాకిని టేసన్లో ఇయ్యకుండా దాసిపెట్టుకున్నావన్నమాట. అట్లయితే ఆ మాట ఇంకొంచెం గెట్టిగా సెప్పు బావా." శాంతయ్య గడ్డంతో పక్క బెంచీని చూపించినాడు. "ఆయప్ప టోపీ పెట్టుకుంటా ఉండాడు."

రైల్వే పోలీసు నిజంగానే టోపీ పెట్టుకున్నాడు. ఆయన బన్ను అయిపోయింది, అంతే, కానీ సుందరరాజు రంగు మారింది. గురవమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. పోలీసాయన ముందర నవ్వినాడు, ఆ తరవాత అందరూ.

ముకుందం నవ్వలే. తుపాకి లేదు. అమెరికా బొమ్మ అమెరికాలోనే ఉండాది. ప్యాసింజరు ప్లాటుఫారం మీదికొచ్చి ఆగింది. వాడు లేచి సంచి వీపుకు తగిలించుకున్నాడు.

రెండడుగులు వేసి ఆగినాడు. వానికి ఒక అనుమానం.

"శాంతయ్యన్నా, అంటే కొండెక్కింది కూడా అబద్ధమేనా?"

"కొండా?" శాంతయ్య బీడీ నేలకేసి నలిపినాడు. "అదెట్ల అబద్ధమయితాది సామీ. ఎద్దు పొయ్యింది నిజం, ఈయప్ప దాని ఎనకాల పొయ్యిందీ నిజమే. పొద్దు మునిగినా రాలే. మరుసటి దినమూ రాలే. మా అక్క సిద్ధమ్మ ఏడ్సి ఏడ్సి పండుకుంది. మేం నలుగురం పలక డప్పులు కొట్టుకుంటా కొండెక్కితిమి. ఎంత అరిసినా పలికే దిక్కు లేదు. మనిషి మీద ఆశ ఇడిసేసినాం. రెండో రాత్రి, తెల్లారుజామున, ఒక బండ అవతల నుంచి మాటలినిపించె. మేం ఏమనుకుంటిమి? ఎవురో పదిమంది కట్టెలు కొట్టేటోళ్ళు దిగుండారు, వాళ్ళను అడగదాములే అని పోతిమి. పొయ్యి సూస్తే పదిమందీ ఈయప్పే."

"ఒక్కడే?"

"ఒక్కడే. సేతిలో కట్టె కూడా లేదు. పంచె ఊడదీసి ఎద్దు కొమ్ములకు కట్టి ఆ కొస పట్టుకోనుండాడు. నిప్పు లేదు. పక్కనే సిరతపులి అడుగులు తడి మట్టిలో, సుట్టూరా తిరిగుండాది. ఈయప్ప ఎద్దు మొగంలో మొగం పెట్టి, ఆ తర్వాత ఏమైందో తెలుసా అని సెప్తా ఉండాడు, రెండు రాత్రులుగా. గొంతు పొయ్యి, కీచుమని వస్తా ఉండాది, అయినా ఆపలే. ఆ ఎద్దు మమ్మల్ని సూసి ఎంత సంతోషపడిందో నేను సెప్పలేను."

మళ్ళా నవ్వులు. ఈసారి ముకుందానికి నవ్వు రాలేదు గానీ, ఏడుపు కూడా రాలేదు. వాడు సుందరరాజునే చూస్తా ఉండాడు. సుందరరాజు గ్లాసులో మిగిలిన టీని తిప్పుకుంటా కూసోనుండాడు.

"బావా, ఈ కథ సెప్పు. ఇది నిజం. ఇది సెప్తే ఎవురూ నిన్ను ఎక్కిరించరు," అన్నాడు శాంతయ్య.

"అందుకే సెప్పను. ఎవురూ నవ్వకపోతే అదేం కథప్పా?"

ముకుందం బెంచీ మీద సుందరరాజు పక్కనే కూసున్నాడు. తిరుపతి ప్యాసింజరు కూత వేసింది. "రాజన్నా, భయం వేయలేదా?"

సుందరరాజు అటూ ఇటూ చూసినాడు. శాంతయ్య గురవమ్మకు చిల్లర ఇస్తా ఉండాడు. పోలీసాయన వెళ్ళిపోతా ఉండాడు. సుందరరాజు గొంతు తగ్గించుకోవడం పాకాలలో ఎవురూ చూసుండరు.

"వేసింది సామీ. శానా వేసింది. మాట ఆపితే సాలు, పక్కన గడ్డి కదిలేది ఇనపడతా ఉండె. అందుకే ఆపలే. ఎద్దు కూడా అంతే, నేను మాట్లాడతా ఉంటే మేస్తాది, ఆపితే వణకతాది. దానికోసమని కొంచెం, నాకోసమని కొంచెం. ఇద్దురికీ సరిపోయింది."

తిరుపతి ప్యాసింజరు కదిలింది. ముకుందం దాని చివరి పెట్టె పోయేదాకా చూసినాడు. లేవలేదు. వీపున సంచి బరువు మాత్రం పొద్దున ఉన్నంత అనిపించలేదు.

"సామీ, నీ బండి పోయింది గదా!" అని గురవమ్మ కంగారు పడింది.

"నాది అది కాదమ్మా. ధర్మవరం బండి."

సుందరరాజు ఒక్కసారిగా నిటారుగా కూసున్నాడు. "ఆఁ! మల్ల నేనేం సెప్తి? నా మాట ఇన్నోడు ఎప్పుడైనా ఎనక్కు పోయినాడా? సూడు బామ్మర్దీ! నా తుపాకి ఒక మనిషిని కొండెక్కించింది!"

"లేని తుపాకి," అన్నాడు శాంతయ్య.

"దానికే ఇంత బలముంటే, ఉండుంటే ఎంతుండేదో ఆలోచించు!"

ధర్మవరం బండిలో ముకుందానికి కిటికీ పక్క చోటు దొరికింది. ఎదురుగా ఒక ముసలావిడ, కాళ్ళ కాడ తమలపాకుల గంప పెట్టుకోని ఒక్కొక్క ఆకూ తిరగేసి తడిగుడ్డ కప్పుతా ఉండాది. దామలచెరువు దాటేదాకా వాన్ని పైనుంచి కింది దాకా చూసి, అడిగేసింది.

"యాడికి నాయనా, ఇంత సంచి?"

"కొండల్లోకి అవ్వా. ఉద్యోగం."

"అయ్యో! ఆడ సిరతపులులు ఉండాయంటారే! గడ్డిపరకట్ల ఉండావు, ఒక్కడివే పోతావుండావా?"

కిటికీలో అప్పుడే కొండలు నల్లగా లేస్తా ఉండాయి. పుట్టిన కాడి నుంచి ఎంచి ఎంచి నిజాలే మాట్లాడిన పిల్లోడు ముకుందం, సంచి మీద మోచెయ్యి ఆనించి, కొంచెం ఎనక్కు వాలి కూసున్నాడు.

"చిరుతపులి నాకు కొత్త కాదవ్వా. పోయిన వేసవిలో మా అమ్మ మేడ మీద వడియాలు ఎండబెట్టింది. కొండ దిగి ఒకటి వచ్చింది. ఇంత పొడుగు. వడియాల పక్కన కూర్చుని సాయంత్రం దాకా కాపలా కాసింది. ఒక్క కాకిని రానివ్వలేదు. మా అమ్మ దానికి మజ్జిగ పోసింది."

ముసలావిడ ఆకులు తిరగేసేది ఆపింది. వాని మొగంలోకి తేరిపార చూసింది.

"నాయనా," అనింది, "అది పిల్లి."

పెట్టె అంతా నవ్వింది. పై బల్ల మీద పండుకోనుండేటోడు కూడా తల కిందికి పెట్టి నవ్వినాడు. ముకుందానికి చెవులు ఎర్రబడినాయి, ఆ ఎర్రదనంలోనే వానికీ నవ్వొచ్చేసింది.

ముసలావిడ రెండు ఆకులకు సున్నం రాసి, మడిచి, వాని చేతిలో పెట్టింది. "పీలేరుకు ఇంకా దూరముండాది. సరే, పిల్లే అనుకో. మజ్జిగ తాగి ఏం సేసింది?"

ముకుందం కాళ్ళు సరిచేసుకోని కూసున్నాడు.